అమ్మ చావడి మెట్లెక్కిన రోజు

పోయిన నెల మా ఊరి బడి వరండాలో సర్కారు ఉచిత వైద్యానికి ఇలాజు కార్డులు చేస్తున్నారని తెలిసి నా భార్యను వెంటబెట్టుకొని వెళ్లాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, మా తెల్ల రేషన్ కార్డును ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని, ఎవరైనా ఏమైనా అడిగితే చెప్పవలసిన జవాబులు దారిలో రెండుసార్లు మనసులో అనుకొని మరీ వెళ్లాను. అక్కడ ఆశా కార్యకర్తగా పని చేసే అమ్మాయి ఒక్కతే ఫోను చేత పట్టుకొని బల్ల ముందు కూర్చుని ఉంది. నేను కార్డు తీసి ఆమె ముందుంచి, అది తెల్ల కార్డని, అంటే మా మహారాష్ట్రలో కలిగినవాళ్లకిచ్చే కార్డని, ఆ కారణంగా ఏమైనా చిక్కుంటే ముందే చెప్పమని అన్నాను.

"ఏ రంగున్నా నడుస్తది కాకా, గిప్పుడు రంగులెవరు జూస్తున్నరు?" అంది ఆ అమ్మాయి తలెత్తకుండానే. తర్వాత ఫోను నా భార్య ముఖానికి ఎదురుగా పెట్టి, "కాకూ, ఒక్కసారి కండ్లు మూసి తెరువుండ్రి. అయిపాయె. ఎన్క ఎవరున్నరు?" అంది.

అంతే. మా వెనక నిలబడ్డవాళ్లు ముందుకు జరిగారు, మేము పక్కకు తప్పుకున్నాం. మా ఇంట్లో ఏముందో ఏం లేదో ఎవరూ అడగలేదు. నేను సిద్ధం చేసుకొని వెళ్లిన జవాబులన్నీ నాలోనే ఉండిపోయాయి. వరండా దిగి గేటు దాకా వచ్చాక కాళ్లు ఆగిపోయాయి. నా భార్య ఏమైందని అడిగితే ఏమీ కాలేదన్నాను, నిజంగానే ఏమీ కాలేదు. సంతోషం అనిపించలేదు, దుఃఖమూ అనిపించలేదు. చలికాలం తెల్లవారుజామున బావినీళ్లలో చేయి పెట్టి చాలాసేపు ఉంచితే ఆ చేయి మనదో కాదో తెలియని స్థితి ఒకటి వస్తుంది చూడండి, అటువంటిదే ఏదో.

దాఖలా అనే మాట ఎంత బరువుగా ఉండేదో నా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు. ఆదాయం ఇంత అని తహసీల్ కచేరీ నుంచి ఒక కాగితం తేవడానికి మనిషి తనలోంచి ఏమేమి తీసి బల్ల మీద పెట్టవలసి వచ్చేదో మీకు తెలుసు. ఆ కాగితం కోసం మా ఇంట్లో జరిగినదాన్ని ఇన్నేళ్లలో నేనెవరితోనూ చెప్పుకోలేదు.

మాది చంద్రపూర్ జిల్లాలో రాజూరా దాటి కోర్పనా వైపు పోతే వచ్చే ఒక చిన్న పల్లె. నిజాం కాలంలో ఆ చుట్టుపక్కల ఊళ్లకు మా తాత మాలీ పటేల్, అంటే శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టే అధికారం మా ఇంటిది. మా వాడా, అంటే పాత పెద్ద ఇల్లు, దాని ముందు భాగంలోనే చావడి ఉండేది, ఆరు రాతి మెట్లు, లోపల నాలుగు టేకు స్తంభాలు, గోడ పక్కన తాత కూర్చునే చేతుల కుర్చీ. కరువు వచ్చిన ఏడు మా గాదె నుంచి జొన్నలు ఇచ్చేవారు, అయితే దానికొక కట్టుబాటు ఉండేది. గింజలు కావలసినవాడు ఆ మెట్లెక్కి, ఊరి పెద్దలు ఐదుగురు వినేటట్టు, తన నోటితో తానే మా ఇంట్ల గింజ లేదు అని చెప్పాలి. ఐదుగురూ విన్నాక తాత తల ఊపేవాడు, అప్పుడు గాదె తలుపు తీసేవారు. అబద్ధమాడి ఎవరూ తీసుకుపోకుండా పెట్టిన నియమమని మా ఇంట్లో గొప్పగా చెప్పుకొనేవారు. నేను కూడా చాలా ఏళ్లు దాన్ని న్యాయమనే అనుకున్నాను. ఆడవాళ్లు చావడి ఎక్కకూడదు గనుక మగదిక్కు లేని ఇళ్లవాళ్లు ఏం చేసేవారన్న ఆలోచన నాకు రాలేదు.

పటేల్‌గిరీ పోయింది. భూమి కొంత సర్కారు తీసుకుంది, కొంత దాయాదుల కోర్టు తగాదాల్లో కరిగింది, వాడాలో రెండు గదుల మీద మాత్రం పైకప్పు నిలిచింది. చావడిని ఊరికి వదిలేశాం, కుర్చీతో సహా. మా నాన్న ఆ రోజుల్లోనే పోయాడు. నేను గడ్‌చాందూర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ లారీల ఆఫీసులో చలానాలు రాసే పనికి కుదిరాను. పొద్దున సర్కారు వారి ఎస్టీ బస్సులో పోయి, సాయంత్రం ఒంటి నిండా బూడిదరంగు దుమ్ముతో తిరిగి వచ్చేవాణ్ని, కానీ బస్సు దిగే ముందు చొక్కా దులుపుకోకుండా, తల దువ్వుకోకుండా ఊళ్లో అడుగు పెట్టింది లేదు. ఊళ్లో వాళ్లు నేను ఫ్యాక్టరీలో సాహెబునని అనుకునేవారు. నేను అవునని ఎన్నడూ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

రంగుల రేషన్ కార్డులు కొత్తగా వచ్చిన ఏడు, జాబితా రాసే గుమాస్తా ఇంటింటికీ తిరుగుతూ మా గుమ్మం దగ్గరికీ వచ్చాడు. మరాఠీ మనిషే, మంచివాడు. పైకప్పు లేని గదులను చూసి, పేదవాళ్లకిచ్చే పసుపు కార్డు రాయమంటారా అని మెల్లగా అడిగాడు. ఈ ఇంటికి పసుపు కార్డు రాయడానికి మీకు చేతులెట్లా వస్తాయని నేనన్నాను. తెల్ల కార్డు వచ్చింది. అందులో చక్కెర లేదు, బియ్యం లేదు, ఏమీ లేదు, అయినా దాన్ని అమ్మ చేతికి ఇచ్చినప్పుడు పరీక్ష నెగ్గి వచ్చినవాడిలాగే ఇచ్చాను. అమ్మ దాన్ని తీసుకొని తన టేకు పెట్టెలో పెట్టుకుంది.

అమ్మకు ఒంట్లో బాగాలేదని నాకు తెలియడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. అది కూడా నా భార్య చెబితే తెలిసింది. మా చెల్లెలిని కన్న నాటి నుంచి అమ్మకు గర్భసంచి కిందికి జారుతూ వచ్చిందట. చెల్లెలికి అప్పటికే ఇద్దరు పిల్లలు. అన్నేళ్లూ అమ్మ పాత చీరల గుడ్డలు మడిచి కట్టుకొని, బిందె ఎత్తవలసి వస్తే ఏదో వంకతో ఇంకొకరి చేత ఎత్తించి, ఎవరికీ తెలియకుండా నడుపుకొచ్చింది. తెలిసిన మనిషి ఒక్కతే, మా పాత సాల్దారు భార్య. సాల్దారంటే మా వైపు ఏడాది జీతానికి ఉండే పాలేరు. మా ఇంట్లో ఇక జీతాలు ఇవ్వలేమని తెలిశాక కూడా ఆ భార్యాభర్తలు మా గుమ్మం విడవలేదు. ఈ మధ్య రక్తం పోవడం మొదలయిందని, ఇక దాచితే మనిషి దక్కదని ఆమే నా భార్యకు చెప్పింది.

ఆ మరుసటి రోజు నుంచి నేను దవాఖానల చుట్టూ తిరిగాను. ఫ్యాక్టరీలో పర్మనెంటు పనివాళ్ల తల్లులకు కంపెనీ కార్డు ఉండేది, చూపిస్తే మందులూ ఆపరేషన్లూ అన్నీ దాని మీదనే. లారీ ఆఫీసు గుమాస్తాకు అటువంటిది లేదు. నాతో ఒకే బల్ల మీద టీ తాగే మనిషి తల్లి ఆ కార్డుతో కళ్ల ఆపరేషన్ చేయించుకొని వచ్చిన వారమే, నేను చంద్రపూర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఖర్చు ఎంతని అడిగాను. వాళ్లు ఒక చీటీ మీద రాసి ఇచ్చారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకొని, సరే గురువారం తీసుకొస్తామని చెప్పి బయటికి వచ్చాను. ఏ గురువారమో వాళ్లూ అడగలేదు.

చంద్రపూర్ సర్కారు దవాఖానకు అమ్మను తీసుకుపోవడానికి నాకు మనసొప్పలేదు. చివరికి తీసుకుపోయాను. వర్ధా నది వంతెన మీదికి నీళ్లు రావడంతో ఆ రోజు రాజూరాలోనే రెండు గంటలు బస్సు ఆగిపోయింది, అమ్మ కూర్చోలేక బస్సు రాడ్డు పట్టుకొని నిలబడే ఉంది. ఎందుకు కూర్చోవడం లేదని నేనడగలేదు. అక్కడి డాక్టరమ్మ శ్రద్ధగానే చూసింది. గుండె బలహీనంగా ఉందని, మత్తు ఇవ్వడానికి ముందు గుండె డాక్టరు దగ్గరుండి చూడాలని, ఆ వసతి నాగపూర్‌లో ఉందని, అంత దూరం వద్దనుకుంటే ఈ ఊళ్లోనే ఒక ధర్మాదాయ దవాఖానలో పేదలకని కొన్ని మంచాలు ఉచితంగా ఉంచుతారని చెప్పింది. ఎవరైనా అడిగితేనే వాటి గురించి చెబుతారు, మీరు అడగండి అని కూడా అంది. అడిగాను. అక్కడి గుమాస్తా నా చేతిలోని రేషన్ కార్డు చూసి, నన్ను చూసి, నా ఇస్త్రీ చొక్కాను చూసి, తెల్ల కార్డుకు ఆ మంచం రాదని, తహసీల్ నుంచి పేదవారమని దాఖలా తెస్తే వెంటనే చేర్చుకుంటామని మర్యాదగా చెప్పాడు.

దాఖలాకు దరఖాస్తు పెట్టాను. దాని మీద తహసీల్ వాళ్లు తలాఠీని పంపారు, మన పాత మాటలో పట్వారీ. ఊళ్లో ఐదుగురు పంచులను, అంటే సాక్షులను, కూర్చోబెట్టి, ఈ ఇల్లు పేదదని వాళ్లు చెప్పగా రాసుకొని, వాళ్ల సహీలు, అంటే సంతకాలు, తీసుకోవాలి. అది జరిగే చోటు మా చావడే. తాత కుర్చీలో తలాఠీ కూర్చున్నాడు. పంచుల్లో మొదటివాడు మా పాత సాల్దారు, మిగిలిన నలుగురూ మా గాదె జొన్నలు తిన్న ఇళ్లవాళ్లే. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. ఈ కుటుంబం పేదదేనా, వీళ్లకు వేరే ఆధారం లేదా అని తలాఠీ మరాఠీలో అడిగాడు.

మా సాల్దారు ముందు నవ్వాడు. "ఏం మాట సాబ్! పటేల్ గరీబా? గీ చావడి ఎవరిది? నువ్వు గూసున్న కుర్సీ ఎవరిది?"

"మా అవ్వ పుస్తెలు గీ ఇంట్లకెల్లే వచ్చినయ్," అన్నాడు ఇంకొకడు. "గరీబు అని సహీ జేస్తే నా చెయ్యి పడిపోతది."

"పటేలే గరీబైతే మరి మమ్మల్నేమని రాస్తవ్ సాబ్? గా మాటకు మీ మరాఠీల పేరుందా?" అని మూడోవాడు అనేసరికి అందరూ నవ్వారు, తలాఠీ కూడా నవ్వాడు.

నేనొక్క మాట అంటే సరిపోయేది. లేదయ్యా, లేదు, రాయనివ్వండి అంటే వాళ్లు రాయనిచ్చేవారు. నేను వీపు నిటారుగా పెట్టి స్తంభం పక్కన నిలబడి విన్నాను. దాచడమెందుకు, ఆ క్షణంలో నాకు సంతోషమే కలిగింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ చావడిలో మా ఇంటి గురించి అటువంటి మాటలు విన్నాను. ఐదుగురూ చెప్పింది చెప్పినట్టు తలాఠీ రాసుకున్నాడు, పేరుగల కుటుంబమని, పేదది కాదని. దరఖాస్తు తోసేశారు. నన్ను ఇంటి దాకా సాగనంపుతూ మా సాల్దారు, "నీ ఇజ్జత్ పోతే ఊరి ఇజ్జత్ పోయినట్టే పటేలా, మేముండంగ పోనిస్తమా?" అన్నాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి. అతను నిజంగానే మాకు మేలు చేశాననుకున్నాడు.

ఏమన్నరు బిడ్డా అని అమ్మ అడిగితే, కాగితం రావడానికి టైం పడుతుందని చెప్పాను. రోజూ బస్సెక్కి గడ్‌చాందూర్ పోయాను, చలానాలు రాశాను, వచ్చాను. తహసీల్ వాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు, ఆ కాగితం కూడా పెట్టాను, కానీ ఆ ఐదుగురితో మాట్లాడటానికి మాత్రం నోరు రాలేదు. అమ్మ నెల తిరిగేసరికి గోడ పట్టుకొని నడవడం మొదలుపెట్టింది. చావడిలో తాను చెప్పిన గొప్ప మాటను సాల్దారు ఒకరోజు అన్నం తింటూ భార్యకు చెప్పుకున్నాడు. ఆమె ద్వారా నిజం అమ్మకు చేరింది.

రెండోసారి తలాఠీ వచ్చిన రోజు మళ్లీ అదే ఐదుగురు, అదే స్తంభం పక్కన నేను. తలాఠీ కాగితం తీసి ఇంకా మాట మొదలుపెట్టకముందే సాల్దారు తల బయటికి తిరిగింది, తర్వాత అందరి తలలూ తిరిగాయి. అమ్మ సాల్దారు భార్య భుజం పట్టుకొని చావడి మెట్లెక్కుతోంది. ఆరు మెట్లు. మూడో మెట్టు మీద ఆగింది, మళ్లీ ఎక్కింది. ఆ ఇంటికి కోడలై వచ్చిన నాటి నుంచి అమ్మ ఆ మెట్ల మీద కాలు పెట్టలేదు. తలాఠీ కుర్చీలోంచి లేచి కూర్చోమన్నాడు. అమ్మ కూర్చోలేదు.

"మా ఇంట్ల గింజ లేదు," అంది. తాత పెట్టిన మాట అదే, ఒక్క అక్షరం మారలేదు. "నాకు పానం బాగలేదు. దవాఖానకు పైసల్లేవు. మీరు ఐదుగురు విన్నరు గద, ఇగ రాయనియ్యుండ్రి."

"దొర్సానీ, మీరేంది, గిట్ల అందర్ల..." అని సాల్దారు లేవబోయాడు.

"కూసో. మీ అయ్య గీడనే నిలవడి చెప్పిండు, నేను తెర ఎన్కకెల్లి ఇన్న. మీ అయ్యకంటె నేనేమన్న పెద్దదాన్నా?"

అతను కూర్చున్నాడు. అతని భార్య మాత్రం ఊరుకోలేదు. "నీ నోట్ల మన్నువడ, ఇజ్జత్ కాపాడిన అనుకుంటున్నవ్, మనిషిని సంపుతున్నవ్! మగడు వోయినోళ్లంత ఎన్క తలుపుకాడికి పోతే అడగకుండ కొలిచిపోసింది గీ తల్లి. ఎవల ముంగట చెప్పుమన్లే. ఇయ్యాల గామెతోని చెప్పిస్తివి గద!" అంది. వెనక తలుపు సంగతి నేను వినడం అదే మొదటిసారి. నలభై ఏళ్లు ఆ ఇంట్లో ఉండి నాకు తెలియలేదు.

తలాఠీ రాశాడు. ఐదుగురూ సహీలు, వేలిముద్రలు వేశారు. సాల్దారు వేలికి అంటిన సిరా తలగుడ్డకు తుడుచుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. వెళ్లేటప్పుడు ఎవరూ నా వైపు చూడలేదు, నా మీద కోపంతో కాదు, మర్యాద కోసమే చూడలేదు. నేను అప్పుడు కూడా వీపు నిటారుగానే పెట్టి నిలబడ్డానని మా గుమ్మంలోంచి చూసిన నా భార్య తర్వాత చెప్పింది.

వారం తిరగకముందే చంద్రపూర్ ధర్మాదాయ దవాఖానలో అమ్మకు మంచం దొరికింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ వార్డులో ప్రతి మంచం తల దగ్గరా ఒక అట్టముక్క వేలాడుతుండేది, కొన్నింటి మీద రోగి పేరు, కొన్నింటి మీద, అమ్మ మంచంతో సహా, పెద్ద మరాఠీ అక్షరాలతో నిర్ధన్ అనే ఒక్క మాటే. అంటే డబ్బు లేనివాళ్లని, ఉచిత మంచమని నర్సులకు గుర్తు. అమ్మకు తెలుగు చదవడం వచ్చు, మరాఠీ అక్షరాలు రావు. మూడో రోజు కాస్త తేరుకున్నాక ఆ అట్ట వైపు చూసి, దాని మీద ఏం రాసి ఉందని అడిగింది. నీ పేరే అమ్మా అన్నాను. అమ్మ ఇంకోసారి చూసి, మంచిదన్నది.

ఆ తర్వాత అమ్మ పదకొండేళ్లు బతికింది. బిందె ఎత్తింది, మనవరాలిని చంకనెత్తుకుంది, బస్సులో కిటికీ పక్కన కూర్చొని ప్రయాణం చేసింది. చావడి గురించి ఆమె మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఆమె పోయిన తర్వాత టేకు పెట్టె తెరిస్తే అడుగున తెల్ల రేషన్ కార్డు, దాని కింద ఆ అట్టముక్క కనిపించాయి. దవాఖాన నుంచి వచ్చే రోజు ఎప్పుడు తీసుకుందో, ఎందుకు తీసుకుందో తెలియదు. తిప్పి చూస్తే వెనక వైపు తెలుగులో, వంకర అక్షరాలతో, తన పేరు తానే రాసుకొని ఉంది. ముందు వైపున్న ఆ మరాఠీ మాటను ఆమెకు ఎవరు చదివి చెప్పారో నేను కనుక్కోలేదు. అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. పెట్టె మూసి, మిగిలిన పనులు చూసుకున్నాను.

ఇప్పుడు చావడి లేదు, దాని చోట నీళ్ల ట్యాంకు కట్టారు, మెట్ల రాళ్లలో రెండు మాత్రం బోరింగు దగ్గర బట్టలుతకడానికి వేసుకున్నారు. మా సాల్దారు లేడు, అతని భార్య ఉంది, చెవులు వినపడవు. ఇల్లాలికి జబ్బు చేస్తే ఐదుగురి ముందు నిలబడి మాకు లేదని చెప్పవలసిన పని ఇప్పటివాళ్లకు లేదు, ఫోనుకేసి ఒకసారి కళ్లు మూసి తెరిస్తే చాలు. మంచిదే. మా పటేల్ గరీబా అని తిరగబడేవాళ్లు కూడా లేరు, నేనెవరో ఆ ఆశా అమ్మాయికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. ఈ రెండింటిలో దేనికి ఎంత విలువ కట్టాలో నాకు ఈ వయసులో తోచడం లేదు.

కార్డు పది రోజుల తర్వాత వచ్చింది, కాగితం మీద అచ్చు తీసి ప్లాస్టిక్ అంటించినది. నా భార్య దాన్ని అమ్మ పెట్టెలోనే పెట్టింది. నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టె తెరిచి చూశాను. కార్డు మీద నా భార్య పేరు, ఊరు, ఒక నంబరు ఉన్నాయి, ఇంకే మాటా లేదు. తిప్పి చూశాను. వెనక వైపు ఖాళీగా ఉంది.